ఒక్క లెన్సుతో అన్ని పనులు
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు మాకు అప్పగించిన విషయము చూచుటకు చిన్నది. మన సభ్యులలో ఒక కుటుంబమువారు సంఘమునకు ఒక డిజిటల్ కెమెరా ఇచ్చినారు. దానికి లెన్సు లేదు. లెన్సుకొరకు పోగైన చందాలు ఒక్కదానికి మాత్రమే చాలును. ఆ ఒక్కటియే పెండ్లికి, ఉత్సవమునకు, ఇంటింట పెద్దల చిత్రములు తీయుటకు, పాత కాగితములకు నకళ్లు తీయుటకు పనికి రావలెను. అట్టి జూమ్ లెన్సు ఏది అని ప్రశ్న.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. దూరపు వస్తువును ఎంత దగ్గరకు తెచ్చునో చూచి లెన్సు కొనరాదు. మొదట అది ఎంత వెడల్పు చూపునో చూడవలెను. తరువాత ఎంత వెలుతురు రానిచ్చునో చూడవలెను. దూరపు సంగతి చిట్టచివర. దుకాణములో ఈ వరుస తలక్రిందులై ఉండును. అచ్చట మొదట వినిపించు మాట "ఇన్ని రెట్లు లాగును" అనునదే.

ఇంత చిన్న విషయమునకు ప్రసంగమెందుకని కొందరనుకొనవచ్చును. మనము ఈ కెమెరాతో చేయదలచిన పని ఎట్టిదో తలచుకొనుడు. మన ఇండ్లలోని పిల్లలు కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో బడిలో చదువుకొనుచున్నారు. తాతల నాటి దస్తావేజులలోని గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు ఇంటికి ఒకరైనను మిగిలిరో లేదో. గోడనున్న పాత గ్రూపు ఫోటోలో ఎవరు ఎవరో చెప్పగలది ఒక్క మామ్మగారే. ఆమె ఆ ఫోటో ప్రక్కన కూర్చుండి వ్రేలితో చూపుచుండగా తీసిన చిత్రము మసకబారినచో, మరియొకమారు తీయుదమనుకొనుటకు వీలుండునని చెప్పలేము. బరంపురములో ఠాకురాణీ యాత్ర రెండేండ్లకొకమారు జరుగును. రాత్రివేళ వేషములు వేసికొని వీధిన పోవు భక్తుల చిత్రములు ఈ యేడు చెడినచో మరల రెండేండ్లు ఆగవలెను. కనుక చందా ఇచ్చినవారి డబ్బుతోపాటు, మరల రాని సందర్భములును ఈ ఎంపికపై ఆధారపడి ఉన్నవి.

జూమ్ లెన్సు అనగా నిలిచినచోటినుండి కదలకయే చూపు వెడల్పును మార్చుకొనగల లెన్సు. 35 మి.మీ. ఫిల్ము వాడు ఫోటో కెమెరాలకు ఇట్టిది మొదట వచ్చినది 1959లో. వాయిట్‌లాండర్ వారి ఆ 'జూమార్' 36 మి.మీ. మొదలు 82 మి.మీ. వరకు మాత్రమే మారెడిది, అనగా రెండు రెట్లకు కొంచె మెక్కువ. 1963లో నికాన్ వారు 43–86 మి.మీ. లెన్సు తెచ్చిరి. అది చేతికి చిన్నదగుటచే పెక్కుమంది కొనిరి గాని దానితో తీసిన గోడలు వంగి కనిపించెడివి. 1992లో టామ్రాన్ వారి 28–200 మి.మీ. లెన్సు వచ్చినది. 2017లో అదే సంస్థ చిన్న సెన్సర్ గల కెమెరాలకు 18–400 మి.మీ. లెన్సు తెచ్చినది. అది 22 రెట్లు. రెండు రెట్లనుండి 22 రెట్లకు ఎదుగుట సామాన్యమైన విద్య కాదు. అయితే ఆ జూమార్ రంధ్రము ఎఫ్ 2.8. ఈ 18–400 లెన్సును చివరివరకు సాచినప్పుడు దాని రంధ్రము ఎఫ్ 6.3. రెట్లు పెరిగిన కొలది వెలుతురు తగ్గినది. ఒక చోట లాభము పొందిన మరియొక చోట ఇచ్చుకొనవలసినదే. ఏది ఇచ్చుకొనుటకు మనము సిద్ధముగా ఉన్నామన్నదే అసలు ఆలోచన.

ఇక వెడల్పు సంగతి. లెన్సుపై వ్రాసిన మిల్లీమీటర్ల సంఖ్య నాభ్యంతరము. సంఖ్య చిన్నదైన చూపు వెడల్పు, పెద్దదైన చూపు ఇరుకు. ఈ సంఖ్యకు కెమెరాలోని సెన్సర్ కొలత తోడు కానిదే అర్థము లేదు. పెద్ద సెన్సర్, అనగా 'ఫుల్ ఫ్రేమ్' అనబడునది, 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గలది. మనకు లభించిన కెమెరాలోనిది 'ఏపీఎస్-సీ' అను చిన్న రకము, వెడల్పు సుమారు 23.5 మి.మీ. మాత్రమే. సెన్సర్ వెడల్పును నాభ్యంతరముతో భాగించి, మనము నిలిచిన దూరముతో హెచ్చించినచో చిత్రములో ఎన్ని అడుగుల వెడల్పు పట్టునో తెలియును. లెక్క ఇంతే. అయిదవ తరగతి పిల్లవాడు చేయగలడు.

10 అడుగుల దూరమున నిలిచితిమనుకొందము. మన కెమెరాపై 24 మి.మీ. లెన్సు 10 అడుగుల వెడల్పునైనను పూర్తిగా చూపదు. 18 మి.మీ. అయినచో 13 అడుగులు చూపును. 16 మి.మీ. అయినచో 14 అడుగుల 8 అంగుళములు. మనిషికి రెండడుగుల చొప్పున చూచుకొనుడు. మొదటి దానిలో నలుగురు, రెండవ దానిలో ఆరుగురు, మూడవ దానిలో ఏడుగురు పట్టుదురు. తాతగారిని నడుమ కూర్చుండబెట్టి తీయు చిత్రములో ఏడవవాడు పట్టకపోయినచో ఆ ఇంటివారితో ఏమి జరుగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

వెనుకకు జరుగవచ్చును గదా అని అడుగవచ్చును. మైదానమున జరుగవచ్చును. మదురలో తిరుమల నాయకుని మహలు ముంగిట కావలసినంత జరుగవచ్చును. కాని మన పని జరుగునది ఇండ్లలో. షోలాపురమున నేతగాండ్ర ఇంట మగ్గమునకును గోడకును నడుమ మనిషి ఒదిగి నిలుచుటయే కష్టము. పాత ఇండ్ల పూజగది, వంటయిల్లు, వసారా, ఇవియన్నియు అంతే. అచ్చట వెనుక గోడ తగిలినదనగా ఇక జరుగుటకు చోటు లేదు. దూరము చాలనిచో నాలుగడుగులు ముందుకు వేయవచ్చును, లేదా తీసిన చిత్రమును తరువాత కత్తిరించవచ్చును. వెడల్పు చాలనిచో గోడను వెనుకకు నెట్టలేము. అందువలననే వెడల్పును మొదట పెట్టితిమి.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక. 24–105 మి.మీ. లెన్సు మంచిదని పలువురు చెప్పుదురు. నిజమే. అది పెద్ద సెన్సర్ కెమెరాపై 10 అడుగుల దూరమున 15 అడుగులు చూపును. అదే మన కెమెరాపై బిగించినచో పైన చెప్పినట్లు నలుగురితో ఆగిపోవును. లెన్సు మారలేదు, సెన్సర్ మారినది. ఒకరి సలహా వినునప్పుడు వారి కెమెరా ఏదో ముందడుగవలెను.

వెడల్పునకును ఒక దోషమున్నది. 16, 18 మి.మీ. వద్ద చిత్రపు అంచులలో ఉన్న ముఖములు ప్రక్కకు సాగి కనిపించును. సన్ననివారు లావగుదురు, లావైనవారు అలుగుదురు. కనుక చోటున్నప్పుడు 24 మి.మీ. వరకు వచ్చి, జనమును రెండు వరుసలుగా నిలిపి, రెండు చివరల కొంత ఖాళీ విడిచి తీయుట మంచిది. ఒంటరిగా పెద్దవారి ముఖచిత్రము తీయుటకు 50 మి.మీ. మొదలు 70 మి.మీ. వరకు అనుకూలము. దగ్గరకు పోయి వెడల్పు లెన్సుతో ముఖము తీసిన ముక్కే చిత్రమంతయు నిండును.

రెండవది వెలుతురు. ఈ విషయమును కొంత నిదానముగా చెప్పవలెను, ఏలయన మన చిత్రములు చెడుటకు ఎక్కువగా ఇదియే కారణము. ఎఫ్ అను సంఖ్య నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముతో భాగించగా వచ్చునది. 50 మి.మీ. వద్ద ఎఫ్ 2.8 అనగా సుమారు 18 మి.మీ. రంధ్రము, ఎఫ్ 5.6 అనగా సుమారు 9 మి.మీ. రంధ్రము. వ్యాసము సగమైనచో వెలుతురు నాలుగవ వంతగును. లెన్సుపై "3.5–5.6" అని రెండు సంఖ్యలున్నచో మొదటిది వెడల్పు కొసకు, రెండవది దూరపు కొసకు చెందును. కొనువారు మొదటి సంఖ్యను చూచి సంతోషింతురు. చిత్రము తీయునప్పుడు ఎదురగునది తరచుగా రెండవది.

మన పెండ్లిండ్లలో ముహూర్తము పెక్కుమారులు రాత్రియో తెల్లవారుజామునో ఉండును. తలంబ్రాలు పోయు చేయి నిలువదు. దానిని స్పష్టముగా పట్టుటకు సెకనులో 125వ వంతు కాలము కావలెననుకొందము. ఎఫ్ 2.8 లెన్సుతో అది సాధ్యమైన వెలుతురులోనే, ఎఫ్ 5.6 లెన్సు సుమారు 30వ వంతు కాలము అడుగును. ఆ కాలములో చేయి, బియ్యము, నవ్వు, అన్నియు చెరిగిపోవును. లేదా ఐ.ఎస్.ఓ. 1600 ఉన్నదానిని 6400 చేయవలెను. అప్పుడు పట్టుచీర రంగు మీద ఇసుక చల్లినట్లుండును.

"ఇందులో చేతి వణకును అణచు ఏర్పాటున్నది, చీకటిలోనైనను తీయవచ్చును" అని అమ్మకందార్లు చెప్పుదురు. ఆ ఏర్పాటు మేలైనదే. తీయువాని చేతి కదలికను అది అణచును. తలంబ్రాలు పోయువారి చేతి కదలికను అణచలేదు. కదలని గోడ, కదలని దస్తావేజు, కదలక కూర్చున్న పెద్దవారు, వీరికి అది చాలును. పెండ్లికిని, యాత్రకును, పిల్లల నాటకమునకును వెలుతురే కావలెను. ఫ్లాష్ వాడవచ్చును గదా యందురు. వాడవచ్చును. అయితే దీపారాధన వేళ, ఉయ్యాలలో శిశువు ముందర, నిదురమబ్బులోనున్న వృద్ధుల కన్నులలోనికి దానిని కొట్టుట మాకు నచ్చదు.

ఎఫ్ 2.8 ఉన్నదని ఎల్లప్పుడు దానినే తెరచి ఉంచుటయు తగదు. రెండు వరుసల జనమును తీయునప్పుడు ముందు వరుస స్పష్టముగాను వెనుక వరుస మసకగాను వచ్చును. అప్పుడు ఎఫ్ 5.6 వరకు మూయవలెను. పెద్ద రంధ్రమును చిన్నది చేసికొనవచ్చును, చిన్నదానిని పెద్దది చేయలేము.

మూడవది దూరము. ఇచ్చట మాతో ఏకీభవింపని మిత్రులున్నారు. వేదికపై మనుమరాలు కూచిపూడి ఆడుచుండగా వెనుక కుర్చీనుండి తీయవలదా, రథముపైని మూర్తిని వీధి చివరనుండి తీయవలదా అని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. పగటి వెలుతురులో ఊరూర తిరుగువారికి, లెన్సులు మార్చుటకు తీరిక లేనివారికి, 18–140 మి.మీ. వంటి లెన్సు చక్కని తోడు. తమ సొంతమునకు కొనువారికి మేమే దానిని చెప్పియున్నాము. లెన్సును విప్పనిచో సెన్సర్‌పై దుమ్ము పడదు, అదియు ఒక లాభమే.

అయితే ఒక లెక్క చూడుడు. ఇప్పటి కెమెరాలలో పెక్కింటివలె మన కెమెరా చిత్రము అడ్డముగా 6000, నిలువుగా 4000 చుక్కలు గలది. అందులో నడిమి సగపు వెడల్పును, సగపు ఎత్తును మాత్రమే ఉంచుకొన్నచో 3000, 2000 చుక్కలు మిగులును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చొత్తినను 10 అంగుళముల వెడల్పు వచ్చును. మన పత్రిక పుటకు అది చాలినదానికంటె ఎక్కువ. అనగా 50 మి.మీ. లెన్సుతో తీసి కత్తిరించిన 100 మి.మీ. లెన్సు చూపినంతయే చూపును. కొంత నాణ్యము తగ్గును, కాని చిత్రము మిగులును. చీకటిలో చెరిగిన చిత్రమును ఎంత కత్తిరించినను మంచిది కాదు. పైగా వేదికకు దగ్గరగా ఫోటో తీయువానికి ఒక కుర్చీ వేయించుట మన చేతిలోని పనియే. దానికి చందాలు అక్కరలేదు.

కాగితముల నకళ్ల విషయమున పెద్ద లెన్సు అవసరమన్న భయము వలదు. దస్తావేజు పుటకు ఏ మామూలు జూమ్ లెన్సయినను చాలును. వెడల్పు కొసలో గీతలు వంగును గనుక 40, 50 మి.మీ. ప్రాంతమున ఉంచి, ఎఫ్ 8కి మూసి, కెమెరాను ముక్కాలి పీటపై నిలిపి, రెండు సెకనుల ఆలస్యముతో తీయవలెను. కెమెరా కాగితమునకు సమాంతరముగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు ఒక సులువున్నది. కాగితముపై చిన్న అద్దమును పరచి కెమెరాలో చూడుడు. లెన్సు తన నీడను తానే చిత్రపు నట్టనడుమ చూచుకొన్నచో సరిగానున్నట్లు. ప్రక్కకు పోయినచో కెమెరా వంగినట్లు. వెలుతురు కిటికీనుండి రావలెను, ఎండ నేరుగా పడరాదు.

తాటాకు గ్రంథములు పొడవెక్కువ, ఎత్తు తక్కువ. 16 అంగుళముల ఆకును ఒకే చిత్రములో తీసినచో అంగుళమునకు 375 చుక్కలు వచ్చును, అక్షరము చక్కగా చదువవచ్చును. గంటముతో గీసిన గీతలో మసి పోయి అక్షరము కనబడనిచో ఆకుకు పసరో నూనెయో పూయవద్దు. వెలుతురును ఒక ప్రక్కనుండి, నేలబారుగా, ఆకుపై జారునట్లు పెట్టుడు. గీతలలో నీడ నిలిచి అక్షరములు లేచి కనబడును. శిలాశాసనమునకును ఇదే పద్ధతి. నాణెములకు మాత్రము ఇట్టి లెన్సు చాలదు, దానికి మాక్రో లెన్సు వేరు. ఆ పనిని ఇప్పటికి విడిచిపెట్టుదము.

మన కెమెరా నికాన్ వారి పాత పద్ధతి బిగింపు గలది. దానికి మేము రెండు లెన్సులను చెప్పెదము. మొదటిది నికాన్ వారే 2015లో తెచ్చిన 16–80 మి.మీ., ఎఫ్ 2.8–4. వెడల్పున 16 మి.మీ. ఇచ్చును, దూరపు కొసనైనను ఎఫ్ 4 దాటదు. దీని రంధ్రము విద్యుత్తుతో నడచును గనుక చాలా పాత కెమెరాలపై సరిగా పనిచేయదు. బిగించి చూచికొనవలెను. దానికి డబ్బు చాలనిచో 17–50 మి.మీ., ఎఫ్ 2.8 లెన్సు. ఇట్టిది టామ్రాన్ వారును సిగ్మా వారును చేసినారు. ఈ కొసనుండి ఆ కొసవరకు ఎఫ్ 2.8 ఉండును. టామ్రాన్ వారి 2006 నాటి దానిలో వణకును అణచు ఏర్పాటు లేదు. తరువాతి దానిలో ఉన్నది, సిగ్మా దానిలోను ఉన్నది. ఇవి పాత సరకుగా చౌకగా దొరకును.

మీలో సోనీ గాని ఫ్యూజీ గాని అద్దము లేని కొత్త కెమెరా ఉన్నవారు సొంతమునకు కొనదలచినచో టామ్రాన్ వారి 17–70 మి.మీ. ఎఫ్ 2.8, సిగ్మా వారి 18–50 మి.మీ. ఎఫ్ 2.8 చూడవచ్చును. కెమెరాతో వచ్చిన 18–55 లెన్సు ఇంట ఉన్నవారు దానిని చులకన చేయవద్దు. పగటి పనికి అది చాలును. మిగిలిన డబ్బుతో ఎఫ్ 1.8 గల 35 మి.మీ. లెన్సు ఒకటి కొనినచో చీకటి పనియు తీరును.

పాత లెన్సు కొనునప్పుడు టార్చిలైటును వెనుకనుండి వేసి లోపల చూడుడు. సాలెగూటి వంటి పోగులున్నచో అది బూజు, ఎంత చౌకయైనను వదలివేయుడు. తరువాత మన పత్రిక పుటలు నాలుగు గోడకు నాలుగు మూలల అంటించి, లెన్సును పూర్తిగా తెరచి, ఎదురుగా నిలిచి చిత్రము తీయుడు. నాలుగు మూలల అక్షరములు ఒకే తీరుగా ఉండవలెను. ఒక మూల మాత్రము మసకయైనచో లోపలి గాజు ఒరిగినట్లు. లెన్సును నేలవైపు వ్రేలాడదీసినప్పుడు దానంతట అది సాగుచున్నచో బాగా వాడినదని గ్రహింపవలెను. ఇంటికి తెచ్చిన తరువాత తోలు సంచిలో ఉంచరాదు. యానాము, బరంపురము, చెన్నపట్టణము వంటి తేమ ఊళ్లలో గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో ఉంచవలెను, పొట్లములను అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెట్టవలెను. అన్నిటికంటె మేలు దానిని తరచుగా బయటకు తీసి వాడుట.

లెన్సు వచ్చిన తరువాత మొదట పాత గ్రూపు ఫోటోలున్న ఇండ్లకు పోవలెనని కార్యవర్గము నిశ్చయించినది. ఆ ఇండ్లవారు కార్యదర్శిగారికి పేరు చెప్పి, ఫోటోలోనివారిని గుర్తుపట్టగల పెద్దలు ఏ పూట తీరికగా ఉందురో తెలుపగోరెదము. ఫోటోను పటమునుండి విప్పవద్దు. ఏండ్ల తేమకు అది గాజునకు అంటుకొనియుండును, లాగినచో ముఖములు గాజుతో పోవును. గాజుపై మెరుపు రాకుండ కెమెరా వెనుక నల్లని గుడ్డ కట్టుకొని మేమే తీయుదుము. గుడ్డ మా వద్ద ఉన్నది.